కాల్షియం డబ్బానా, స్కానా, ఏడాదికో సూదా? ఎముకల విషయంలో ఎవరికి ఏది

మా అమ్మ మణికట్టు విరిగింది పొద్దున్నే వాకిట్లో సానుపు చల్లుతూ. పెద్దగా పడింది కూడా కాదు, తడికి కాలు జారి, అరచెయ్యి నేలకు ఆనించి కూలబడిపోయింది, అంతే. హనుమకొండలో ఒక దవాఖానకు తీసుకుపోతే పిండికట్టు వేశారు, ఆరు వారాలకు కోసి తీశారు, కాల్షియం గోళీలు రాసి పంపారు. నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే ఎముక ఎందుకు విరిగింది అని వాళ్లు చూడలేదు, అడగాలని మాకూ తెలియదు. నాలుగేళ్లు పోయాక బియ్యం డబ్బా జరుపుతుంటే నడుములో కలుక్కుమంది. ఎక్స్‌రేలో ఒక వెన్నుపూస ముందుపక్క నలిగిపోయి కనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది, అంతకు ఏడాది ముందు నుంచే దేవుడి అర్రలో గూట్లో ఉన్న అగ్గిపెట్టె అందడం లేదని పీట వేసుకుంటోంది. గూడు పైకి పోలేదు కదా, అమ్మే కిందికి వచ్చింది.

ఆ నాలుగేళ్లూ మేం పెట్టిన ఖర్చంతా కాల్షియం మీదే. ఎముకలు అనగానే మనవాళ్లు మొదట అడిగేది "ఏ కాల్షియం మంచిది" అని. ఇప్పుడు నాకు తెలిసినంతలో అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. ముందు అడగాల్సింది, ఈ మనిషికి ఎముక విరిగే ప్రమాదం ఎంత ఉంది అని. దాన్నిబట్టే మిగతా ఎంపికలన్నీ మారతాయి. మా ఇంట్లోనే నలుగురికి నాలుగు రకాలుగా తేలింది: డెబ్బై ఏళ్ల అమ్మ, నలభై తొమ్మిదేళ్ల నేను, ఆయాసానికి మందులు వాడే మా మామ, జగిత్యాల దగ్గర బీడీలు చుట్టే మా చిన్నమ్మ. అందుకే మందులూ పరీక్షలూ విడివిడిగా కాకుండా వీళ్లను పెట్టుకునే చెబుతాను.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. మోకాళ్లు పట్టేయడం, మెట్లెక్కితే కటకటమనడం ఎముకలు గుల్లబారడం కాదు. అది కీళ్ల అరుగుదల, కీలులోని మెత్తటి గుజ్జు అరగడం. గుల్లబారడం అంటే ఎముక లోపలి అల్లిక పలచబడటం, పైకి చూస్తే ఏమీ ఉండదు, నొప్పి కూడా ఉండదు, విరిగినప్పుడే తెలుస్తుంది. ఎక్కువగా విరిగేవి మణికట్టు, వెన్నుపూస, తుంటి. కాబట్టి మోకాలి నొప్పికి కాల్షియం మింగి తగ్గలేదని తిట్టుకోవడం, నొప్పి లేదు కాబట్టి ఎముకలు గట్టిగున్నాయి అనుకోవడం, రెండూ తప్పే.

పరీక్షల్లో మూడు మన ముందుకు వస్తాయి. మామూలు ఎక్స్‌రే, క్యాంపుల్లో పెట్టే మడమ మిషను, ఎముక ఎంత దట్టంగా ఉందో కొలిచే డెక్సా స్కాను. ఎక్స్‌రే విరిగిందా లేదా చెప్పడానికి పనికొస్తుంది, పలచబడటాన్ని మాత్రం సుమారు మూడో వంతు ఎముక పోయాకగానీ పట్టుకోలేదు. మడమ మిషను అల్ట్రాసౌండ్ మీద నడుస్తుంది. మా కాలనీ ఫంక్షన్ హాల్లో ఒకసారి ఉచిత క్యాంపు పెట్టి అందరి మడమలూ చూసి, అందరికీ దాదాపు ఒకే మాట చెప్పి, బయట టేబుల్ మీద పౌడర్ డబ్బాలు అమ్మారు. నాకు మైనస్ 1.9 అని రాసిచ్చారు. రెండు రోజులు నిద్రపట్టలేదు. తర్వాత డెక్సా తీయిస్తే తుంటి దగ్గర మైనస్ 0.8, అంటే నార్మల్. మడమ మిషను అంకెకు డెక్సా కొలమానం వర్తించదు. అది మహా అయితే "ఇంకో పరీక్ష చేయించుకోండి" అనడానికి పనికొస్తుంది, దాన్ని చూసి మందు మొదలుపెట్టకూడదు.

డెక్సాలో పడుకుంటే పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది, రేడియేషన్ ఛాతీ ఎక్స్‌రే కంటే తక్కువే. రిపోర్టులో చూడాల్సింది టీ-స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ల ఎముకతో పోలిస్తే మనది ఎంత తక్కువో చెప్పే అంకె. మైనస్ 1 వరకు మామూలు, మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఎముక కొంత పలచబడింది, మైనస్ 2.5 లేదా అంతకంటే కిందికి దిగితే గుల్లబారినట్టు. ఈ గీతలు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టినవి. నెలసరి ఇంకా ఆగని ఆడవాళ్లకు, యాభై దాటని మగవాళ్లకు టీ-స్కోరు కాకుండా, తమ వయసువాళ్లతోనే పోల్చే జెడ్-స్కోరు చూస్తారు. స్కానింగ్ సెంటర్‌కు ముందే ఫోన్ చేసి డెక్సా ఉందా, నడుము, తుంటి రెండూ తీస్తారా అని అడగండి, రెండోసారి కూడా అదే మిషను మీద తీయించుకోండి, మిషను మారితే అంకెలు పోల్చడం కుదరదు.

అందరికీ ఈ స్కాను అక్కర్లేదు. 65 దాటిన ఆడవాళ్లు, 70 దాటిన మగవాళ్లు చేయించుకోవాలి. అంతకంటే చిన్నవాళ్లైతే కారణం ఉండాలి: యాభై దాటాక చిన్న దెబ్బకే ఎముక విరగడం, 45 లోపే నెలసరి ఆగిపోవడం, మూడు నెలలకు మించి స్టెరాయిడ్ గోళీలు, బాగా సన్నగా ఉండటం, అమ్మకో నాన్నకో తుంటి విరిగి ఉండటం, ఎత్తు ఒకటిన్నర అంగుళం పైగా తగ్గడం. ఇంకో సంగతి, తుంటిగానీ వెన్నుపూసగానీ చిన్న దెబ్బకే విరిగితే ఇక స్కోరు ఎంతొచ్చినా అది గుల్లబారిన ఎముకే. మా అమ్మ టీ-స్కోరు నడుములో మైనస్ 2.3. "2.5 దాటలేదు కదా" అని మా తమ్ముడు ఊపిరి పీల్చుకున్నాడు. డాక్టర్ ఎక్స్‌రేలో నలిగిన పూసను వేలితో చూపించి, ఇది చూశాక అంకెతో పనేముంది అన్నారు.

మా చిన్నమ్మ సంగతి వేరు. వయసు యాభై రెండే, కానీ ముప్పై రెండో ఏట గర్భసంచి తీయించుకుంది. దేశంలో ఈ ఆపరేషన్ ఎక్కువగా చేయించుకున్నవాళ్లు ఆంధ్రా, తెలంగాణల్లోనే, మన ఊళ్లల్లో ఏ వాడకు వెళ్లినా పాతికేళ్ల నుంచే మొదలు. గర్భసంచి ఒక్కటే తీస్తే ఒక లెక్క, అండాశయాలు కూడా తీస్తే ఇంకో లెక్క. ఎముకను కాపాడే ఈస్ట్రోజెన్ వచ్చేది అండాశయాల నుంచి. అవి పోతే మర్నాటి నుంచే ముట్లుడిగినట్టు. చిన్నమ్మను అడిగితే ఏం తీశారో తనకు తెలియదు, కాగితాలు ఇల్లు మారినప్పుడు పోయాయి. దానికి తోడు పొద్దంతా నీడలో, చాటలో ఆకూ తంబాకూ పెట్టుకుని, వంగి కూర్చునే పని. ఇలాంటి మనిషికి 65 దాకా ఆగమనడం అన్యాయం, ఇప్పుడే డెక్సా. ఇక 45 లోపే అండాశయాలు పోయినవాళ్లు, ఇంకా ఆ వయసులోనే ఉంటే, మామూలుగా నెలసరి ఆగే వయసు దాకా హార్మోన్ మందు వాడొచ్చా అని ఆడవాళ్ల డాక్టర్‌ను తప్పకుండా అడగాలి. చిన్నమ్మకు ఆ అవకాశం దాటిపోయింది, మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే దాటనివ్వొద్దు. ఆపరేషన్ కాగితాన్ని మాత్రం భూమి కాగితాల్లాగా దాచుకోండి.

ఇక తిండా గోళీనా. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, నెలసరి ఆగిన ఆడవాళ్లకు 1200. మన తిండిలో ఎంతుందో ఒక రోజు కూర్చుని లెక్కేశాను. జొన్నరొట్టె తింటున్నాం కదా అనే ధీమా మా ఇంట్లో అందరికీ ఉండేది. జొన్నలు పీచుకు మంచివి, కాల్షియం మాత్రం నూరు గ్రాములకు ముప్పై మిల్లీగ్రాములు కూడా ఉండదు. తైదల్లో, అదే రాగుల్లో, అయితే నూరు గ్రాములకు మూడు వందల యాభై దాకా ఉంటుంది, కానీ గ్లాసు అంబలిలో పడే పిండి ముప్పై గ్రాములే, అంటే నూరు మిల్లీగ్రాములు. చెంచా నువ్వుల్లో కాగితం మీద మరో నూరు, పొట్టులోని ఆక్సలేట్ వల్ల అందులో ఒంటికి పట్టేది కొంతే. పాలకూర కూడా అంతే, అంకె పెద్దది, అందేది చిన్నది. పాలు, పెరుగు నూరు గ్రాములకు నూట ఇరవై దాకా ఇస్తాయి, బాగా పడతాయి కూడా. ముల్లుతో సహా నమిలేసే పరకల్లాంటి చిన్న చేపలు తినేవాళ్లకు అవీ మంచివే.

అమ్మ లెక్క: చాయ్ పాలు అరవై, రెండు పూటల పెరుగు మూడు వందలు, అంబలి వంద, పప్పూ కూరగాయలూ ఆకుకూరా కలిపి ఒక రెండు వందలు. మొత్తం 660. తక్కువ పడేది 540. అంటే 500 ఇచ్చే గోళీ రోజుకు ఒకటి చాలు, పొద్దునా సాయంత్రం రెండు వేసుకోవాల్సిన పని లేదు. నాకు పాలూ పెరుగూ బాగానే పడతాయి కాబట్టి గోళీ అసలు వేసుకోవడం లేదు. ఎక్కువైతే ఇంకా బలం అనుకోవద్దు, ఎక్కువైతే మలబద్ధకం, కిడ్నీలో రాళ్ల భయం.

గోళీ కొనేటప్పుడు స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవండి. ముందు పెద్దక్షరాల్లో 1250 అని ఉంటుంది, అది కాల్షియం కార్బొనేట్ బరువు, అందులో అసలు కాల్షియం 40 శాతం, అంటే 500. సిట్రేట్ అయితే అసలు కాల్షియం 21 శాతమే, అందుకే గోళీలు ఎక్కువ పడతాయి, ఖర్చూ ఎక్కువే. మరి సిట్రేట్ ఎందుకంటే, కార్బొనేట్ అరగడానికి కడుపులో ఆమ్లం కావాలి, అందుకే అన్నం తిన్నాక వేసుకోవాలి. రోజూ గ్యాస్ గోళీ, అదే పాంటాప్రజోల్ లాంటిది, వేసుకునేవాళ్లకు ఆ ఆమ్లం తక్కువ, వాళ్లకు సిట్రేట్ నయం. మిగతావాళ్లకు మామూలు కార్బొనేట్ చాలు, పగడం పేరో ముత్యం పేరో చెప్పి రెట్టింపు రేటుకు అమ్మేది కూడా లోపల చూస్తే కార్బొనేటే. ఒక్కసారికి 500 మించి వేసుకుంటే వంటబట్టదు. థైరాయిడ్ గోళీకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, ఐరన్ గోళీతో కలిపి మింగొద్దు.

డి విటమిన్‌కు ఎండ, గోళీ, సూది. పొద్దున్నే ఆరింటికి భద్రకాళి బండ్ మీద నడిస్తే మనసుకు బాగుంటుంది, డి విటమిన్‌కు ఆ ఎండ పనికిరాదు. మన నీడ మనకంటే పొట్టిగా ఉండే సమయంలోని ఎండే పని చేస్తుంది, సుమారు పది నుంచి మూడు మధ్య. చలికాలంలో ఇది హాయి, మే నెల వరంగల్ ఎండలో పదకొండింటికి పెద్దవాళ్లను కూర్చోబెడితే వడదెబ్బే. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ లెక్కలోకి రాదు. కాబట్టి రక్త పరీక్షలో తక్కువ ఉంటే, వారానికోసారి 60,000 యూనిట్ల గోళీగానీ పొడి ప్యాకెట్‌గానీ ఎనిమిది వారాలు ఇచ్చి, తర్వాత డోసు తగ్గిస్తారు. ఇక్కడ జరిగే పొరపాటు, ఎనిమిది వారాలయ్యాక కూడా పాత చీటీ చూపించి మెడికల్ షాపులో కొంటూనే పోవడం. ఒకేసారి లక్షల యూనిట్ల సూది వైపు నేను అసలు మొగ్గను. ఆస్ట్రేలియాలో 70 దాటిన ఆడవాళ్లకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు నోటి ద్వారానే ఇచ్చి చూస్తే, వాళ్లు కింద పడటం తగ్గకపోగా ఇంకా ఎక్కువగా పడ్డారు, ఎముకలూ ఎక్కువగా విరిగాయి. 2010లో బయటపడిన సంగతి ఇది. ఆరోగ్యంగా ఉండి, లోపం లేనివాళ్లు రోజూ డి వేసుకున్నా ఎముకలు విరగడం తగ్గలేదని 2022లో అమెరికాలో పాతిక వేల మంది మీద తేలింది. లోపం ఉంటే పూడ్చుకోవాలి, లేకుంటే వదిలేయాలి.

ఇప్పుడు అసలు మందుల దగ్గరికి వద్దాం, మా ఇంట్లో ఎక్కువ వాదన జరిగింది దీని మీదే. కాల్షియం, డి విటమిన్ గోడకు ఇటుకా ఇసుకా లాంటివి, గోడను లోపల్నుంచి తొలిచేవాణ్ని ఆపవు. ఆ పని చేసేవి వేరే మందులు.

వారానికోసారి అలెండ్రొనేట్ 70 గోళీ అన్నిటికంటే చవక, ఎక్కువ కాలంగా వాడుకలో ఉన్నది. కానీ దాని నియమాలు కష్టం: పరగడుపున, చాయ్ కూడా తాగకుండా, గ్లాసు నిండా మంచినీళ్లతో మింగి, అరగంట పడుకోకుండా నిటారుగా ఉండాలి, లేకుంటే అన్నవాహిక పుండు పడుతుంది. లేవగానే చాయ్ పడందే కళ్లు తెరవని మా అమ్మ రెండో వారమే చాయ్‌తో మింగేసింది. అలా మింగితే ఒంటికి పట్టేది దాదాపు సున్నా. కడుపులో మంట ఉన్నవాళ్లకు, అరగంట నిటారుగా కూర్చోలేనివాళ్లకు కూడా ఇది సరిపోదు. నియమం పాటించే మనిషైతే మాత్రం ముందు ఇదే.

ఏడాదికోసారి జోలెడ్రొనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు, సెలైన్ లాగా నరానికి, పదిహేను నిమిషాలకు తక్కువ కాకుండా ఎక్కిస్తారు. మర్చిపోవడం, చాయ్ గొడవ ఏమీ ఉండవు. 2007లో వచ్చిన పెద్ద పరిశోధనలో మూడేళ్లలో వెన్నుపూసలు విరగడం 70 శాతం, తుంటి విరగడం 41 శాతం తగ్గాయి. ఇందులో నన్ను ఆపేసిన మాట ఇంకోటుంది, ఆ పరిశోధనలో మందు ఇచ్చినవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ ఇద్దరికీ కాల్షియం, డి ఇచ్చారు. అంటే ఓడిపోయిన గుంపు ఎవరంటే, నాలుగేళ్లు మేం అమ్మను ఉంచిన గుంపే. మొదటి సూది తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు రావడం మామూలే, అమ్మకు వచ్చింది, పారాసిటమాల్‌తో పోయింది, రెండో ఏడు రాలేదు. కిడ్నీ పని బాగా తగ్గినవాళ్లకు ఇవ్వరు, అందుకే ముందు క్రియాటినిన్ చూస్తారు. డి విటమిన్, కాల్షియం తక్కువగా ఉంటే ముందు వాటిని సరిచేయాలి. పన్ను పీకించుకునే పని ఉంటే అదీ ముందే చేయించుకోవాలి, అరుదుగా దవడ ఎముక మానకుండా పోతుంది. అమ్మకు కదులుతున్న దంతం ఒకటి ఉంటే అది తీయించి, పుండు మానేదాకా రెండు నెలలు ఆగాం.

ఆర్నెల్లకోసారి చర్మం కింద డెనోసుమాబ్. బాగా పనిచేస్తుంది, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకూ ఇవ్వొచ్చు, అయితే వాళ్లకు కాల్షియం పడిపోకుండా కాచుకోవాలి. దీనితో చిక్కు ఆపేయడంలో ఉంది. ఆర్నెల్లు దాటించి ఊరుకుంటే ఎముక ఉన్నట్టుండి కరిగిపోతుంది, ఒకటికి రెండు మూడు వెన్నుపూసలు వరుసగా విరిగిన సందర్భాలున్నాయి. ఆపాలంటే వెనకాలే ఇంకో మందు ఇవ్వాల్సిందే. కొడుకులు బొంబాయిలో, దుబాయ్‌లో ఉండి ఊళ్లో ఒక్కరే ఉండే ముసలివాళ్లకు, తారీఖు గుర్తుపెట్టుకునే మనిషి లేనిచోట నేనైతే ఇది వద్దంటాను. దగ్గరుండి చూసుకునేవాళ్లుంటే మంచి మందే.

ఇక టెరిపారటైడ్, రోజూ పొట్ట మీద పెన్నుతో పొడుచుకునేది, మామూలుగా రెండేళ్ల దాకా. పైవన్నీ ఎముక పోవడాన్ని ఆపేవి, ఇది కొత్త ఎముకను కట్టేది. ఖర్చు ఎక్కువ, ఫ్రిజ్‌లో ఉంచాలి, అయిపోయాక వెంటనే పై మందుల్లో ఒకటి మొదలుపెట్టకపోతే కట్టిందంతా కూలిపోతుంది. రెండు మూడు పూసలు విరిగినవాళ్లకు, స్కోరు మరీ కిందికి పోయినవాళ్లకు దీన్ని ముందు పెట్టడమే మేలు.

ఏ మందైనా జీవితాంతం కాదు. గోళీలు ఐదేళ్లు, ఏడాది సూదులు మూడు అయ్యాక మళ్లీ స్కాను తీసి, కొన్నాళ్లు ఆపొచ్చా అని చూస్తారు. మరీ ఏళ్ల తరబడి వాడితే అరుదుగా తొడ ఎముక నడిమికి విరుగుతుంది, అందుకే తొడలోపల కొత్తగా నొప్పి వస్తే ఊరుకోవద్దు. డెనోసుమాబ్‌కు మాత్రం ఈ విరామం లెక్క లేదు.

మామ విషయంలో భయం అటు పక్కది. ఆయాసానికి పీల్చే ఇన్‌హేలర్‌లో స్టెరాయిడ్ ఉందని ఎవరో చెబితే ఆపేశారు. ఇన్‌హేలర్‌లో పడేది చాలా తక్కువ, దాన్ని ఆపి ఆయాసం ముదిరితే మింగాల్సి వచ్చే గోళీలే ఎముకకు అసలు శత్రువులు. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ గోళీ రోజుకు 2.5 మిల్లీగ్రాములో అంతకంటే ఎక్కువో మూడు నెలలు వాడాల్సి వస్తుందంటే, మొదట్లోనే ఎముకల సంగతి డాక్టర్‌తో మాట్లాడాలి. ఊళ్లో "వాతానికి" అని ఇచ్చే పేరులేని పొడులు, నొప్పి వచ్చినప్పుడల్లా వేసే సూదులు ఉన్నాయే, గంటలో నొప్పి మాయమైందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమో అని అనుమానించండి.

వ్యాయామంలో పోలిక చిన్నదే. ఈత, సైకిల్ గుండెకు మంచివి, ఎముకకు కావాల్సింది ఒంటి బరువు మోసే పని: నడక, మెట్లు, ఇసుక సంచో నీళ్ల సీసానో పట్టుకుని చేతులు ఎత్తడం. నడక ఒక్కటే అయితే సరిపోదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం పెద్దవాళ్లకు బాగా పనికొస్తాయి, ఎందుకంటే వాళ్లు పడకుండా ఉండటమే సగం వైద్యం. బాత్రూంలో చెయ్యి పట్టుకునే రాడ్డు, రాత్రి వెలిగే చిన్న బల్బు, కంటి శుక్లం ఆపరేషన్, నిద్రగోళీలు తగ్గించుకోవడం, ఇవన్నీ పౌడర్ డబ్బాల కంటే ముందు చూసుకోవాల్సినవి. తుంటి విరిగితే మాత్రం పసరు కట్లంటూ రోజులు పోనీయొద్దు, ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ జరిగితేనే మనిషి మళ్లీ లేచి నడుస్తాడు.

వెన్నుపూస విరిగినవాళ్లు ముందుకు వంగే పనులు మానాలి. ఇది చెప్పడం తేలిక, మన దగ్గర బతుకమ్మ ఆడాలన్నా వంగి చప్పట్లు కొట్టాలి. అమ్మ ఇప్పుడు వలయంలోనే తిరుగుతుంది, నడుము నిటారుగా ఉంచి చప్పట్లు కొడుతుంది, పక్కవాళ్లు ఏమనుకుంటారో అని మొదటి రోజు కొంచెం సిగ్గుపడింది. మూడో సూది సంక్రాంతి దాటాక ఉంది. ఈసారి సకినాలు నేల మీద బట్ట పరిచి కాకుండా డైనింగ్ టేబుల్ మీద పరిచి చుడదామన్నాను. నిలబడి చుడితే గుండ్రంగా రావని గొణుగుతూనే, మొన్న టేబుల్ ఎత్తు చేత్తో కొలిచి చూసుకుంది.